మేనేజరుకు తవుడు పెట్టిన మా అక్క

నేను చదివింది ఊరి బడిలో. పై చదువులు లేవు. అయినా నేత ఫ్యాక్టరీ వీధిలో మొట్టమొదటి కరెంటు పిండిమర పెట్టింది నేనే. మర రాళ్ళకు గంట్లు నా చేత్తో నేనే పెట్టుకునేవాణ్ణి. బెల్టు ఎక్కడ జారుతోందో చప్పుడు విని చెప్పేవాణ్ణి. చిటికెడు పిండి వేళ్ళ మధ్య రాసి, ఇది రొట్టెకు పనికొస్తుందో జావకు పనికొస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగిన మొనగాణ్ణి. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు తర్వాత సొంత మరలు పెట్టుకున్నారు. వాళ్ళలో ఒక్కడు కూడా నా అంత సన్నగా పిండి ఆడలేకపోయాడు. ఇదంతా గొప్పలు పోవడానికి రాయడం లేదు. నా గొప్ప ఈ వీధిలో అందరికీ తెలుసు. తెలియాల్సింది మా అక్క గొప్ప.

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో అక్క వంటమనిషి. అందరూ గరిటక్క అనేవారు. రేకుల కప్పు కింద పొడవాటి హాలు, రెండు వరసల బెంచీలు, చివర పొయ్యి, పొయ్యి ముందు అక్క. మగ్గాల మీద నుంచి చెవులు గింగురుమంటూ వచ్చేవాళ్ళు ఆమె గరిట చప్పుడు వింటేనే నెమ్మదించేవారు. సమ్మె రోజుల్లో గేటు బయట రాళ్ళు పేర్చి వంట చేసి అందరి కడుపూ నింపిన మనిషి. కార్మికుల ఆటల పోటీల్లో వంటకు పెట్టిన షీల్డు గెలిచి, దాన్ని మా ఇంటి గూట్లో పెట్టింది. పగ పట్టిందంటే మాత్రం వదలదు. చిన్నప్పుడు నేను ఆమె పలక పగలగొడితే, నా పెళ్ళినాడు మా అత్తగారి ముందు ఆ సంగతి చెప్పి నా పరువు తీసింది.

ఇక మేనేజరు. మెట్ల పైన అద్దాల గది ఆయనది. అందరికీ జల్లించని గోధుమ ముడిపిండి రొట్టెలైతే, ఆయనకు మాత్రం నా మరలో బాగా జల్లించిన తెల్లపిండితో విడిగా కాల్చి పైకి పంపేవారు. తెల్లన్నం, తెల్లరొట్టె, మాంసం, టీ. ఆకు కనబడితే పక్కకు నెట్టేవాడు. అందుకని ఆయన కడుపు కదిలేది కాదు. ఇది ఫ్యాక్టరీలో రహస్యమేమీ కాదు. ఆఫీసు పక్కన మరుగుదొడ్డి తలుపు ఎంతసేపు మూసి ఉందో చూసి, ఆ రోజు ఎవరికి తిట్లు పడతాయో రంగుల విభాగం పెద్దాయన చెప్పేవాడు. ఆయన కడుపు కదిలిన రోజు అందరికీ సెలవు దొరికినంత సంతోషం.

ఒకరోజు తెల్లపిండి అయిపోయింది. అక్క అందరికీ కాల్చిన రొట్టెల్లోంచే రెండు పైకి పంపింది. కాసేపటికి మేనేజరు కంచం పట్టుకుని మెట్లు దిగాడు. హాలు నిండా జనం తింటున్నారు.

"ఎవరమ్మా ఇది చేసింది?"

"నేనే సార్. తెల్లపిండి నిండుకుంది. అందరికీ చేసినదే పంపాను."

"అందరూ నేనూ ఒకటేనా? చూడు, తవుడు కనబడుతోంది. తవుడు తినేది గొడ్లు. గొడ్లకు వండే చెయ్యి మనుషుల పొయ్యి దగ్గర ఉండకూడదు."

రొట్టెలు తీసి ఎంగిలి నీళ్ళ బకెట్లో పడేశాడు. గరిట తీసుకుని, పక్కన నిలబడ్డ తన భార్య తమ్ముడి చేతికిచ్చాడు. ఆ కుర్రవాణ్ణి అందరం చాటుగా బామ్మర్ది అనేవాళ్ళం. క్యాంటీన్ సామాన్లు చూసుకోవడం పేరుతో జుట్టు దువ్వుకుంటూ తిరిగేవాడు.

"రేపట్నుంచి వంట వీడు చూసుకుంటాడు. నువ్వు గిన్నెలు తోము, పిండి కలుపు. చాలు."

హాల్లో ప్రతి కంచంలోనూ ఆ రొట్టే ఉంది. తింటున్న ప్రతివాడూ గొడ్డు కిందే లెక్క తేలాడు. అక్కకు తల తీసేసినట్టయింది.

ఆ సాయంత్రం మర దగ్గరికి వచ్చింది. చెంపల మీద పిండి కూడా తుడుచుకోలేదు.

"ఒరేయ్, నీ దగ్గర తవుడెంతుంది?"

"ఎందుకే అక్కా? ఆవుల్ని కొన్నావా?"

"ఒక దున్నపోతును మేపాలి."

సంగతంతా చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ఆ రొట్టెల పిండి ఆడింది నేను. అంటే ఆయన బకెట్లో పడేసింది నా పనితనాన్ని కూడా.

"గొడ్లు తినేది ఆయన చేతే తినిపిస్తాను. తిన్నాక చెప్తాను ఏం తిన్నాడో. ఏ హాల్లో ఆ మాట అన్నాడో ఆ హాల్లోనే వెనక్కి తీసుకోవాలి. నా గరిట నా చేతికి రావాలి. అందాకా నాకు నిద్ర పట్టదురా" అంది.

"నన్నేం చెయ్యమంటావు?"

"ఆయన తెల్లపిండి సంచీలో తవుడు కలుపు. కనబడకూడదు."

ఇలాంటి పనికి నన్ను మించినవాడు లేడు. తవుడు తేమగా ఉంటే రాళ్ళ మధ్య జారుతుంది, విరగదు. అందుకని ఎండలో కరకరలాడేదాకా ఆరబెట్టి, రాళ్ళ మధ్య సందు తగ్గించి, సన్న రవ్వలా విరిచాను. ఒక్కసారే ఎక్కువ వేస్తే రంగు తెలిసిపోతుందని మొదట గుప్పెడే కలిపాను. తర్వాత సంచీకి రెండు గుప్పెళ్ళు. అలా నెమ్మదిగా పెంచుకుంటూ పోయాను. పిండి కలిపేది అక్కే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

కొన్నాళ్ళకు రొట్టె రంగు తిరిగింది. పైన అద్దాల గదిలో మేనేజరు అడుగుతుంటే, గ్లాసులు తీసుకురావడానికి వెళ్ళిన అక్క చెవిన పడింది.

"ఏమిట్రా ఇది, నోట్లో గరగరలాడుతోంది?"

బామ్మర్దికి ఏమీ తెలియదు. కానీ తెలియదని ఒప్పుకునే రకం కాదు. జుట్టు సవరించుకుంటూ, "స్పెషల్ గోధుమ బావగారూ! పెద్దపెద్దవాళ్ళంతా ఇదే తింటున్నారట. మీకోసం ప్రత్యేకంగా చెప్పి తెప్పించాను" అన్నాడు.

"అలాగా? అయితే ఉండనీ."

అక్క ఆ రోజు నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళింది. నేనూ ఆ వారమంతా పని మధ్యలో ఆపుకోలేక నవ్వుతుంటే, పిండికొచ్చినవాళ్ళు నన్ను వింతగా చూశారు.

తర్వాత ఒక మధ్యాహ్నం అక్క మర దగ్గరికి విసురుగా వచ్చింది.

"ఈలలేస్తున్నాడురా!"

"ఎవరు?"

"ఎవరేమిటి? దున్నపోతు! మెట్లు దిగుతూ ఈలలేస్తున్నాడు. ముఖం కళకళలాడుతోంది. రంగులాయన్ని చూసి బావున్నావా అని అడిగాడట. అడిగేసరికి ఆయన హడలిపోయి బల్ల మీద కూర్చుండిపోయాడు."

మరుగుదొడ్డి తలుపు ఇప్పుడు ఇలా మూసుకుని అలా తెరుచుకుంటోందట. మేనేజరు హాల్లోకి వచ్చి బామ్మర్ది భుజం తట్టి, "వంటంటే ఇదీ! ఇన్నాళ్ళూ ఏం తిన్నామో ఏమిటో!" అన్నాడట, గిన్నెలు తోముతున్న అక్క వైపు చూసి మరీ. బామ్మర్ది కాలరెగరేశాడట.

"పోనీ, ఇప్పుడు చెప్పెయ్యి. తవుడు తిన్నారు సార్ అని అందరి ముందూ అనెయ్యి" అన్నాను.

"చెప్తే ఏమవుతుందిరా? బాగుందిగా అంటాడు, నవ్వేస్తాడు. కడుపు హాయిగా ఉన్నవాడికి అవమానం అంటదు."

"మరి?"

అక్క సంచీల కేసి చూస్తూ కూర్చుంది. ఆ చూపు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆ చూపు చూసిందంటే ఎదుటివాడి పని అయిపోయినట్టే.

"మానేద్దాం. రేపట్నుంచి నీ మరలో ఆడే అసలుసిసలు తెల్లపిండి పంపు. ఆయన అడిగింది ఆయనకు పెడదాం" అంది.

పంపాను. నా జీవితంలో అంత తెల్లని పిండి అంతకు ముందు ఆడలేదు. జల్లెడ మీద జల్లెడ పట్టాను. చేతిలో పోసుకుంటే పట్టులా జారింది. వారం తిరగకుండా ఈలలు ఆగిపోయాయి. మరుగుదొడ్డి తలుపు మళ్ళీ మూసుకుంది. బామ్మర్ది నా మర దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. జుట్టు దువ్వుకోలేదు.

"బాబాయ్, ఆ స్పెషల్ గోధుమ పిండి ఎందుకు పంపడం లేదు?"

"ఏ స్పెషల్ గోధుమ?"

"అదే, ఇన్నాళ్ళూ పంపావుగా."

"నువ్వేగా ప్రత్యేకంగా చెప్పి తెప్పించావట? నేను మామూలు పిండిమర వాణ్ణి. స్పెషల్ సంగతులు నాకేం తెలుస్తాయి బాబూ? ఎక్కడ తెప్పించావో అక్కడే అడుగు."

తెల్లమొహం వేశాడు. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఆ మొహం గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం ఇంకాస్త ఎక్కువ సహిస్తుంది.

మేనేజరు కడుపు రాయిలా గట్టిపడింది. మాత్రలు మింగాడు, ఉప్పు కలిపిన నీళ్ళేవో తాగాడు. చివరికి ఫ్యాక్టరీ డాక్టరమ్మను అద్దాల గదికి పిలిపించారు. వేడినీళ్ళు పట్టుకెళ్ళిన అక్క, బల్ల తుడిచే వంకతో అక్కడే ఉండిపోయింది.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది. తినేదేమిటో అడిగింది. అంతా విని, "ఇందులో పీచెక్కడుందండీ?" అంది.

"పీచంటే? కొబ్బరి పీచా?" అన్నాడు బామ్మర్ది.

"గింజ పైపొర, పండు తొక్క, ఆకు, కాడ. వీటిలో మన పొట్ట అరిగించుకోలేని భాగమే పీచు. అరగదు కాబట్టే పనికొస్తుంది. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి నీళ్ళలో కరగదు. గోధుమ తవుడులో, తొక్కల్లో, కాడల్లో అది ఎక్కువ. మలానికి బరువూ మెత్తదనమూ ఇచ్చి పేగుల్లోంచి ముందుకు తోస్తుంది. రెండోది నీళ్ళలో కరిగి జిగురులా అవుతుంది. ఓట్స్, బార్లీ, చిక్కుడు గింజలు, పప్పులు, పండ్ల గుజ్జు, వీటిలో ఉంటుంది. అన్నంలోని చక్కెర రక్తంలోకి ఒక్కసారే దూకకుండా పట్టి ఉంచుతుంది. చెడు కొవ్వునూ కొంత తగ్గిస్తుంది. పేగుల్లో మనకు మేలు చేసే సూక్ష్మజీవులుంటాయి, వాటికి చాలా రకాల పీచే ఆహారం. మీరు తెల్లపిండి, తెల్లన్నం తిని, మీతోపాటు వాటినీ పస్తులుంచుతున్నారు."

"అంటే ఏం పెట్టాలి?" అన్నాడు బామ్మర్ది.

"జల్లించని పిండి, తవుడు, చిక్కుళ్ళు, బఠాణీలు, ఆకుకూరలు..."

అంతవరకే విన్నాడు. "ఇదెంత పని డాక్టరుగారూ!" అంటూ అప్పటికప్పుడు మెట్లు దిగి పరుగు తీశాడు. అదే సమయానికి ఫోను మోగింది. మర్నాడు యజమానులు ఫ్యాక్టరీ చూడటానికి వస్తున్నారట. మేనేజరు ఫోనులో పడ్డాడు. డాక్టరమ్మ సంచీ సర్దుకుంటూ మిగతాది మా అక్కతో అంది.

"ఒక్కసారే ఎక్కువ పెట్టకూడదమ్మా. అలవాటు లేని పొట్ట గాలితో ఉబ్బిపోతుంది, నొప్పి పెడుతుంది. కొద్దికొద్దిగా పెంచాలి, నీళ్ళు బాగా తాగాలి. అప్పటికీ కుదరకపోతే, రక్తం గానీ కనబడితే, పరీక్షలు చెయ్యాలి. వాళ్ళకు నువ్వైనా చెప్పు."

"నా మాట ఎవరు వింటారమ్మా? నేను గిన్నెలు తోముకునేదాన్ని" అంది అక్క.

మర దగ్గరికి వచ్చి ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో కోపమూ నవ్వూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"తవుడు పెట్టి వాడి పరువు తీద్దామనుకున్నాను. వైద్యం చేశానట్రా! గుప్పెడు గుప్పెడు పెంచుకుంటూ, అచ్చం డాక్టరు చెప్పినట్టే చేశామట. నా చేత్తో నేను నా శత్రువుకు ఆరోగ్యం పోశాను!" అని నేల మీద ఉమ్మేసింది.

"పోనీ, కుర్రాడికి చెప్పావా, ఒక్కసారే పెట్టొద్దని?"

"వాడు అడిగాడా? అడగనిదే చెప్పడానికి నేనెవర్ని?"

మర్నాడు పిండి సంచీ దింపడానికి నేను క్యాంటీన్‌కు వెళ్ళి, ఆ తర్వాత కదల్లేదు. కదలబుద్ధి కాలేదు. బామ్మర్ది పొద్దున్నే మేనేజరుకు గిన్నెడు చిక్కుడు గింజలు, బఠాణీలు, పశువుల దాణా కొట్లో కొన్న తవుడుతో ఇటుక మందాన రొట్టెలు పెట్టాడట. కోలుకోవాలన్న ఆశతో ఆయన అన్నీ తినేశాడు. యజమానులొచ్చే హడావుడిలో నీళ్ళు తాగే తీరిక లేకపోయింది.

మధ్యాహ్నం యజమానుల్ని వెంటబెట్టుకుని హాల్లోకి వచ్చాడు. చొక్కా గుండీలు పొట్ట మీద తన్నుకుంటున్నాయి. ముఖం చెమటలు పట్టింది. పెద్ద యజమాని ఏదో అడిగాడు. మేనేజరు జవాబు చెప్పబోయాడు. ఆయన కంటే ముందు ఆయన పొట్ట మాట్లాడింది. హాలు మొత్తం వినబడింది. తర్వాత మళ్ళీ. మూడోసారి వచ్చినది పొట్టలోంచి వచ్చిన చప్పుడు కాదు.

ఎవరూ నవ్వలేదు. అందరూ కంచాల్లో తలలు పెట్టుకున్నారు. రంగులాయన మాత్రం లేచి నిలబడి, ఎంతో వినయంగా, "మూడో వరసలో మగ్గం బెల్టు తెగినట్టుంది సార్, చూసి రమ్మంటారా?" అన్నాడు.

హాలు పేలిపోయింది. యజమానులు కూడా చేతిరుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. మేనేజరు పొట్ట పట్టుకుని మెట్ల వైపు పరుగెత్తాడు. గిన్నెలు తోమే తొట్టి దగ్గర అక్క చేతిలో గిన్నె అలాగే ఉంది. ఆమె నవ్వలేదు. ఇంకా ఏదో రావాల్సి ఉన్నట్టు చూస్తూ నిలబడింది.

బామ్మర్దిని ఆ సాయంత్రమే ఇంటికి పంపేశారు. ఆ నొప్పి తగ్గాక మేనేజరు అక్కను గదికి పిలిచి తలుపు వేయించాడు.

"జరిగిందేదో జరిగింది. మళ్ళీ వంట నువ్వే చూసుకో. డాక్టరు చెప్పినట్టు చేసిపెట్టు."

"నన్ను తీసేసింది ఇక్కడ కాదు సార్. కింద, హాల్లో."

"అయితే?"

"అయితే పిలవాల్సింది కూడా అక్కడే. ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకుని పిలవాలి."

"ఒక వంటమనిషికి నేను క్షమాపణ చెప్పాలా?"

అక్క అప్పుడు చెప్పింది. "సార్, మీరు ఈలలేసుకుంటూ తిరిగారు చూడండి, అప్పుడు తిన్నది స్పెషల్ గోధుమ కాదు. మా తమ్ముడి మరలో తవుడు. నేనే కలిపించాను. మిమ్మల్ని గొడ్డును చెయ్యాలని పెట్టాను. మీకు మేలు చెయ్యాలని మాత్రం కాదు."

మేనేజరు ముఖం రంగులు మారిందట. "నిన్ను ఈ క్షణమే పంపించెయ్యగలను."

"పంపించండి. నేను వెళ్ళి మా తమ్ముడి మరలో కూర్చుంటాను. మీరు పొద్దున్నే ఎక్కడ కూర్చుంటారో మీకే తెలుసు."

ఆయన పంపలేదు, పిలవలేదు. పట్టుదలకు పోయాడు. మగ్గాల దగ్గర్నుంచి ఒకణ్ణి తెచ్చి పొయ్యి ముందు నిలబెట్టారు. వాడు మాడ్చినవి మాడ్చి, పచ్చివి పచ్చిగా పెట్టాడు. జనం తినకుండా లేచిపోవడం మొదలుపెట్టారు. అక్క రోజూ గిన్నెలు తళతళలాడేలా తోమి, మేనేజరు మెట్లు దిగినప్పుడల్లా తలెత్తి ఆయన కళ్ళలోకి చూసేది. ఆయన తవుడంటే భయపడి తెల్లరొట్టెకే తిరిగి వెళ్ళి, మళ్ళీ పాలిపోయాడు, సన్నబడ్డాడు. ఆమె జాలిపడిందా అని మీరడగొచ్చు. నేనూ అడిగాను. "నా రొట్టె బకెట్లో వేసినప్పుడు ఆయన జాలిపడ్డాడా?" అంది.

చివరికి ఒక మధ్యాహ్నం హాలు నిండుగా ఉండగా మేనేజరు దిగొచ్చాడు. పిండి సంచీ దింపుతున్న నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయన తొట్టి దగ్గరికి వెళ్ళి అక్క ముందు నిలబడ్డాడు.

"ఆ రోజు నేనన్న మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. వంట నువ్వు... మీరు చూసుకోండి."

అక్క చేతులు తుడుచుకుంది. "వెనక బెంచీల వాళ్ళకు వినబడలేదు సార్."

ఆయన మెడ ఎర్రబడింది. గట్టిగా మళ్ళీ చెప్పాడు. ఈసారి రేకులు మోగాయి. ఎవరూ నమలడం లేదు. రంగులాయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

"సరే సార్. కానీ మీ రొట్టె ఇంక పైకి రాదు. ఒకటే పిండి, ఒకటే పెనం. మీరే వచ్చి తీసుకోవాలి" అంది అక్క.

ఆమె పొయ్యి ముందుకు వచ్చి గరిట అందుకుంది. నేను తెచ్చిన సంచీ విప్పి, జల్లించని పిండి గిన్నెలోకి ఒంపింది. ఈ వీధిలో జల్లించని పిండికి గిరాకీ తెచ్చింది నేనే అని తర్వాత చాలామంది నన్ను పొగిడారు. ఆ రోజు మాత్రం నా కళ్ళన్నీ అక్క చేతుల మీదే ఉన్నాయి. మాడిన రొట్టెలు తిని విసిగిపోయినవాళ్ళంతా కంచాలు పట్టుకుని వరస కట్టారు. మేనేజరు కాసేపు అటూ ఇటూ చూసి, తనూ ఒక కంచం తీసుకుని నిలబడ్డాడు.

ఆయన వంతు వచ్చింది. అక్క తలెత్తి చూసింది.

"కాస్త పక్కకు జరగండి సార్. వెనకాల వాళ్ళు పొద్దున్నుంచీ నిలబడి పనిచేసొచ్చారు."

జరిగాడు. వెనక వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తీసుకుని వెళ్ళారు. మళ్ళీ వడ్డన కోసం వచ్చినవాళ్ళక్కూడా ఆమె ముందే వేసింది. ఆయన ఖాళీ కంచంతో, గోడ పక్కన నిలబడ్డాడు. అక్క ఇంకొక ముద్ద తీసి, తొందరేమీ లేనట్టు, గుండ్రంగా ఒత్తసాగింది.